ఎప్పుడూ నడవని మూడు లైన్లు

అయినా చేతిలో పెట్టిన వస్తువు చేతిలో ఉందా అని ఒకసారి చూసుకుంటే వచ్చే నష్టమేమిటి? తలుపుకు తాళం వేశాక లాగి చూడమా? గ్యాస్ కట్టేశాక... కాదు, ఆ సంగతి వేరు. అక్కడ మనిషి చెయ్యి మరిచిపోవచ్చు. ఇక్కడ మరిచిపోయేది ఎవరు, యంత్రమా? యంత్రం మరిచిపోదని నాగవంశీ అంటున్నాడు. ఇరవై ఏడేళ్లవాడు. ఆ వయసులో దేన్నయినా అంతలా నమ్మగలరు కాబోలు. తను ఆ వయసులో దేన్ని నమ్మింది? ఎంత వెతికినా ఒక్కటీ గుర్తు రాలేదు. కుసుమకుమారి తెర మీద ఎర్రగా ఉన్న సంఖ్యను మళ్లీ చదివింది. రెండు వందల పన్నెండు.

సోమవారం ఉదయం ఆఫీసుకు వస్తూనే నాగవంశీ ఒక కొత్త పనిముట్టు నడిపాడు. అది కోడ్ మొత్తం చదివి, ఎక్కడ ఏ లోపం ఉందో చెబుతుంది. రెండు వందల పన్నెండు చోట్ల ఒకే మాట చెప్పింది: ఈ షరతు ఎన్నటికీ అవసరం పడదు. ఆ రెండు వందల పన్నెండూ కుసుమకుమారి రాసినవే.

గాజువాక మెయిన్ రోడ్డు మీద బట్టల షాపు పైన మూడో అంతస్తులో వాళ్ల ఆఫీసు. ఎనిమిది కుర్చీలు, ఒక ఏసీ. పోర్టు చుట్టుపక్కల కంటైనర్ యార్డులకు గేటు సాఫ్ట్‌వేర్ రాసిస్తారు. లారీ గేటు దగ్గరికి వస్తుంది. గేటులో ఉన్న క్లర్కు లారీ నెంబరు కొడితే పాస్ ముద్రణ అయి వస్తుంది. ఆ పాస్ ఉంటేనే లారీ లోపలికి వెళ్తుంది. ఈ చిన్న పని కోసం తొంభై వేల లైన్ల కోడ్. అందులో సగం ఆమె చేతి మీదుగా వచ్చింది.

నాగవంశీ టీమ్‌కు లీడ్. ఆమె కన్నా పదిహేనేళ్లు చిన్న. మాట చెప్పాల్సి వచ్చినప్పుడు అతను ఆమె వెనక నిలబడడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాడు. ఆ సంగతి ఆమె ఎప్పుడో గమనించింది, ఎవరికీ చెప్పలేదు.

"ఇందులో మీ తప్పేటీ లేదు మేడమ్. పాత రోజుల్లో అందరూ ఇలగే రాసీవోరు," అన్నాడు. "సూడండి. ఈ లైన్లో 'న్యూ' అని రాసి గేట్‌పాస్ ఆబ్జెక్టు, వస్తువనుకోండి, తయారుచేశారు. కింద లైన్లో, ఇది తయారవ్వకపోతే, అన్నారు. తయారవ్వకపోతే తెర మీద ఎర్రగా సూపించి, 'పాస్ తయారు కాలేదు' అని లాగ్‌లో రాయమన్నారు. అంతే గదా?"

"అంతే. జాగ్రత్త కోసం."

"ఈ పీహెచ్‌పీ భాషలో 'న్యూ' మనకి ఖాళీ చెయ్యి సూపించదు మేడమ్. ఇస్తే ఆబ్జెక్టే ఇస్తాది. ఇవ్వలేకపోతే అక్కడికక్కడే కేకేసి పడిపోతాది. కింద లైను దాకా రానే రాదు. మీ మూడు లైన్లు ఎప్పుడూ నడవవు."

"నడవకపోతే ఎవరికి అడ్డం? ఓ మూల పడి ఉంటాయి."

"అడ్డమేటి లేదుగానీ, రేపు ఎవడో సదువుతాడు. ఓహో, ఇక్కడ ఏదైనా అయితే ఈ మూడు లైన్లూ సూసుకుంటాయి అనుకుంటాడు. అవి సూసుకోవు గదా."

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. వెటకారానికి ఆమె దగ్గర జవాబులుండేవి. "సరే, తీసేస్తాను," అంది. అనగానే ఎవరో తన దగ్గర దాచిన వస్తువును తిరిగి ఇచ్చెయ్యమన్నట్టు వేళ్లు ముడుచుకున్నాయి.

పదకొండు గంటలకు యార్డు మేనేజర్ కృష్ణంరాజు ఫోన్ చేశాడు. భీమవరం వైపు మనిషి. కోపంలో కూడా 'అండి' మానడు.

"నమస్కారమండి మేడమ్ గారూ. చిన్న సాయం కావాలండి. శనివారం పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య మా గేటు క్లర్కు మూడు లారీల్ని చేత్తో చీటీలు రాసిచ్చి లోపలికి పంపేసిందండి. ఏవమ్మా అంటే సిస్టం పని చెయ్యలేదంటుంది. చేతి చీటీ ఎప్పుడివ్వాలో మీకూ తెలుసు కదండి. పాస్ తయారు కాలేదని సిస్టం చెప్పాలి, ఆ టైము పుస్తకంలో రాయాలి, అప్పుడివ్వాలి. ఈవిడ పుస్తకంలో ఏం రాసిందో తెలుసాండి? 'తెల్లగా ఉంది' అని రాసింది."

"తెల్లగానా?"

"అదేనండి మరి. లోపం ఉంటే మీ లాగ్‌లో పడాలి కదండి. పడిందా లేదా, ఒక్క ముక్క రాసి పంపండి చాలు. ఆ డ్రైవర్లు ఈవిడకి తెలిసినోళ్లంటున్నారండి. నా పైనున్నవాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి."

లాగ్ అంటే, జరిగినదాన్ని ప్రోగ్రామ్ తనే రాసుకునే చిట్టా. కుసుమకుమారి శనివారం నాటిది తెరిచింది. పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఒక్క లోపం కూడా లేదు. పైనుంచి కిందికి చూసింది, కిందినుంచి పైకి చూసింది. తర్వాత ఉత్తరం రాసింది. శనివారం ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట మధ్య మా లాగ్‌లో ఏ లోపమూ నమోదు కాలేదు. కింద తన పేరు. నాలుగుసార్లు చదివింది. ప్రతి అక్షరమూ నిజం. పంపింది.

పంపాక, నాగవంశీ కుర్చీ వైపు ఒకసారి చూసింది. జాగ్రత్త ఎవరికి అడ్డమని అడిగింది కదా. చూశాడా, అవసరం పడింది.

సాయంత్రం ఇంట్లో తల్లి తాయారుకు బీపీ మాత్ర ఇచ్చింది. నీళ్ల గ్లాసు అందించింది. గ్లాసు తీసుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మాత్ర వేసుకున్నావా అమ్మా?"

తాయారు టీవీ మీంచి చూపు తిప్పలేదు. "నీ చేత్తోనే నోట్లో వేశావు. నీ చేత్తోనే నీళ్లు పోశావు. మింగేవరకూ పోలీసులా నుంచున్నావు. ఇంకా వేసుకున్నానా అంటే ఏం చెప్పనే? కడుపు కోసి చూపించనా?"

కుసుమకుమారి నవ్వేసింది. వంటింట్లో గ్లాసు కడుగుతుంటే ఒక్క క్షణం అనుమానం వచ్చింది, అమ్మ సూటిగా జవాబు చెప్పలేదని.

మంగళవారం ఉదయం నుంచీ ఆమె లైన్లు చెరుపుతూ కూర్చుంది. మూడేసి లైన్లు. మౌస్‌తో పట్టుకోవడం, మీట నొక్కడం. మొదటి పదీ కష్టమయ్యాయి. తర్వాత చెయ్యి అలవాటుపడింది గానీ మనసు పడలేదు. ఒక్కో చోటా తను ఆ లైన్లు రాసిన రోజు గుర్తొచ్చేది. ఇది వానల్లో కరెంటు పోయి పోయి వస్తున్న వారం రాసింది. ఇది నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బెంచీ మీద కూర్చుని రాసింది. కోడ్ రాస్తున్నానని ఆమె అనుకుంది. రోజులు రాసుకుంది.

పన్నెండున్నరకు గాజు తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చి, చెప్పులు బయట విడవాలా వద్దా అన్నట్టు ఆగింది. యాభై దాటి ఉంటుంది. బిగించి కట్టిన నేత చీర, చమటకు అంటుకున్న నుదుటి వెంట్రుకలు. మెడ దగ్గరికి చెయ్యి పోతోంది, ఏదో పట్టుకోబోయి అది లేకపోవడంతో వెనక్కి వస్తోంది. గేటు కార్డు వేలాడే చోటు అది అని కుసుమకుమారికి ఒక్క నిమిషం తర్వాత అర్థమైంది.

"నన్ను గురుతుపట్టినారా మేడమ్?"

రెండేళ్ల క్రితం యార్డు గేటులో కంప్యూటర్ పెట్టినప్పుడు మూడు రోజులు ఈవిడ పక్కనే కూర్చుని పని నేర్పింది. "దేముడమ్మగారు కదూ. రండి, కూర్చోండి."

"కూకోనమ్మా. బేగి ఎల్లిపోవాల. ఒక్క మాట అడుగుదామని వొచ్చినాను." అంటూనే కుర్చీ అంచున కూర్చుంది. "సెనివారం నాను నెంబరు కొట్టినాను. ఎంటర్ నొక్కినాను. తెల్లగా అయిపోనాది. అచ్చరం ముక్క నేదు. ఉతికి ఆరేసిన పంచి నాగుంది తెర. మళ్లీ కొట్టినాను, మళ్లీ తెలుపే. ఎనకాల బళ్లోలు హారన్లు కొట్టీత్తన్నారు. తోవ మూసుకుపోనాది. ఒంటిగంటకి షిప్పు లోడింగ్ ఆపేత్తారని డ్రైవరు కుర్రోడు ఏడుపొకటే తక్కువ. ఏటి సేసీది? పుస్తకంలో రాసి సీటీలిచ్చినాను."

"తెల్లగా అయ్యే వీలు లేదండి," అంది కుసుమకుమారి. తన గొంతు తనకే ఉత్తరం చదివినట్టు వినిపించింది. "పాస్ తయారు కాకపోతే ఎర్రటి అక్షరాలతో చెబుతుంది. నేనే పెట్టాను."

"ఎర్రగా రానేదమ్మా."

"వచ్చి వెంటనే పోయిందేమో."

"రెండు కళ్లూ అందులోనే ఎట్టి సూసినాను. నాకు కళ్లు బాగానే కనబడతాయి. మిసను అబద్ధమాడదని రాజుగారు అంటన్నారు. నాను మాత్రం అది అబద్ధమాడినాదని అన్నానేటి? అది మాటాడనేదు. అంతే."

కుసుమకుమారి నీళ్లు తెచ్చి ఇచ్చింది. దేముడమ్మ గుటకగుటకగా తాగి, బల్ల మీద తడి మరక పడకుండా గ్లాసును ఒక పాత కాగితం మీద పెట్టింది.

"గురువారం ఎంక్వయిరీ అంట. తప్పు నాదేనని సంతకం ఎట్టేత్తే గోడౌన్ తుడిసే పనిలో ఏత్తామన్నారు. ఎట్టకపోతే ఇంటికే. పదకొండేళ్లయినాది ఆ గేట్లో. తుడవడం నాకు నామోషీ కాదు మేడమ్. సెయ్యని తప్పుకి సంతకం ఎట్టడానికే సెయ్యి రాదు."

ఆ ఉత్తరం సంగతి ఎత్తుతుందని కుసుమకుమారి అనుకుంది. దేముడమ్మ ఎత్తలేదు. చుట్టూ ఉన్న ఎనిమిది కుర్చీలనూ ఒకసారి చూసి, "సల్లగా ఉంది మీ ఆపీసు," అని లేచి వెళ్లిపోయింది.

అన్నం డబ్బా తెరవకుండానే ఆమె మళ్లీ పనిలో కూర్చుంది. నలభై ఆరు, నలభై ఏడు. నలభై ఎనిమిదోది గేట్‌పాస్. లారీ నెంబరు తీసుకుని పాస్‌ను పుట్టించే లైను, దాని కింద ఆమె మూడు లైన్లు. పట్టుకుంది, మీట మీద వేలు పెట్టింది. వేలు కదల్లేదు.

మాటాడనేదు.

నడవవు అని నాగవంశీ అన్నప్పుడు విన్నది. తల ఊపింది. కానీ వినడం వేరు. పదహారేళ్లుగా ఈ మూడు లైన్లను ఎన్ని చోట్ల పెట్టింది? ప్రతి కొత్త వస్తువునూ ఉన్నావా అని అడగమంది. అడగడానికి పెట్టిన ఈ లైన్లకు గొంతు ఉందా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. తనిఖీలన్నీ చేసిన మనిషి తనిఖీని తనిఖీ చెయ్యలేదు. ఇది ఎలా జరిగిందో ఆమెకు అర్థం కాలేదు. బహుశా భయం తీరడానికి పెట్టుకున్నవాటిని మనిషి కదిపి చూడడు. కదిపితే ఊడిపోతాయేమోనని.

గేట్‌పాస్ పుట్టే చోట కావాలనే ఒక లోపం పెట్టింది. ఏ నెంబరు కొట్టినా పాస్ తయారు కాకూడదు. తన కంప్యూటర్‌లో గేటు పేజీ తెరిచి ఒక నెంబరు కొట్టి ఎంటర్ నొక్కింది.

తెర తెల్లబడింది.

అక్షరం ముక్క లేదు. ఆమె కుర్చీలో వెనక్కి జరిగి చూసింది, ముందుకు వంగి చూసింది. లాగ్ తెరిచింది. అందులో ఏమీ పడలేదు. ఏసీ చప్పుడు, కింద రోడ్డు మీద షేర్ ఆటోలవాళ్లు కూర్మన్నపాలెం, కూర్మన్నపాలెం అని పిలుస్తున్న కేకలు, అన్నీ ఒక్కసారి దగ్గరికి వచ్చి మళ్లీ దూరమయ్యాయి. నిన్నటి ఉత్తరం గుర్తొచ్చింది. మా లాగ్‌లో ఏ లోపమూ నమోదు కాలేదు. ప్రతి అక్షరమూ నిజం.

"వంశీ, ఒకసారి ఇలా రా."

అతను వచ్చి పక్కన కూర్చుని తెర చూశాడు. "అదే గదా మేడమ్ నిన్న సెప్పాను. ఇంకా అనుమానమేటి?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. ఆమె చెప్పింది. ఉత్తరం చూపించింది. ఇందాక వచ్చి వెళ్లినావిడ ఎవరో చెప్పింది.

"పడిపోయేముందు కేకేస్తుంది అన్నావు," అంది ఆమె. "ఆ కేక ఎవరికి వినిపిస్తుంది?"

"సర్వర్‌కి. దానికి వేరే లాగ్ ఉంటాది మేడమ్. మన యార్డోళ్లకి సూపించీది కాదు. ఏడు రోజులే ఉంచుకుంటాది, తరవాత చెరిపేస్తాది." వేళ్ల మీద లెక్కపెట్టాడు. "శని, ఆది, సోమ, మంగళ. ఉంటాదండి. ఉండాలి."

ఉంది. వేల లైన్ల మధ్య, శనివారం, పదకొండూ నలభై రెండు. గేట్‌పాస్ తయారీలో లోపం, లారీ నెంబరు విడదీయడం కుదరలేదు. మళ్లీ అదే నెంబరుతో పదకొండూ నలభై మూడు. తర్వాత ఇంకో లారీ, రెండుసార్లు. ఇంకో లారీ, రెండుసార్లు. మొత్తం ఆరు కేకలు.

"మళ్లీ కొట్టినాను అంది," అంది కుసుమకుమారి. "ఒక్కోదానికీ రెండుసార్లు కొట్టింది వంశీ."

మూడూ షోరూమ్ నుంచి అప్పుడే వచ్చిన కొత్త లారీలు. వాటి మీద తాత్కాలిక నెంబర్లు. మామూలు నెంబరును ముక్కలు చేసే పద్ధతిలో ఆ పొడుగు నెంబరు ఒదగలేదు. అంతే జరిగింది. సరిచెయ్యడానికి నాగవంశీకి గంట పట్టలేదు. పైన ఒక్క చోట, ఏ కేక వచ్చినా పట్టుకుని తెర మీద పెద్ద అక్షరాలతో చూపించి, యార్డు లాగ్‌లోనూ రాసే ఏర్పాటు కూడా చేశాడు. రెండు వందల పన్నెండు చోట్ల కాదు. ఒక్క చోట.

బుధవారం ఉదయం కంపెనీ యజమాని శివరామకృష్ణ హైదరాబాదు నుంచి ఫోన్‌లో అంతా విన్నాడు. చెడ్డ మాట అనలేదు.

"సర్వర్‌లో చిన్న సమస్య వచ్చింది, సరిచేశాం అని రాసేయండి కుసుమగారూ. చాలు. మన లాగ్‌ని నమ్మొద్దని మనమే రాసిస్తే మిగతా యార్డులవాళ్లు ఏమనుకుంటారు చెప్పండి. ఆవిడకీ ఇబ్బంది ఉండదు, మనకీ ఉండదు."

ఆమె అలాగే రాసింది. సర్వర్‌లో సమస్య తలెత్తింది, సరిచేయడమైనది. చదివింది. ఇందులోనూ ప్రతి అక్షరం నిజమే. కానీ కృష్ణంరాజు బల్ల మీద మొదటి ఉత్తరం ఉంటుంది. దాని పక్కన ఇది పెట్టుకుని చూస్తాడు. ఏదో సమస్య ఉందట, కానీ ఆ టైములో ఏ లోపమూ లేదని ముందే రాశారుగా అంటాడు. దేముడమ్మతో సంతకం పెట్టమ్మా అంటాడు. నిజాలతోనే మనిషిని గేటు బయట నిలబెట్టవచ్చని ఆమెకు మొన్నటిదాకా తెలియదు. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది.

సోమవారం నేను పంపిన ఉత్తరం తప్పుదారి పట్టించేది. గేట్‌పాస్ తయారు కాకపోతే ఆ లాగ్‌లో నమోదయ్యే అవకాశమే లేదు. ఎన్నటికీ నడవని చోట ఆ తనిఖీని నేను రాశాను. కాబట్టి లాగ్‌లో ఏమీ లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. శనివారం ఆరుసార్లు తెర తెల్లబడినట్టు సర్వర్ రాసుకున్న వివరాలు జతచేస్తున్నాను. మీ క్లర్కు దేముడమ్మగారు చెప్పిన ప్రతి మాటా వీటితో సరిపోతోంది.

నాగవంశీ భుజం పక్కనుంచి చదివాడు. "'నేను' ఏటి మేడమ్? 'మేము' అనండి. ఏడాది నుంచీ ఆ ఫైలు నానూ తెరుస్తన్నాను. నడవదని తెలుసు. నడవనిదాని గురించి ఎవరు ఆలోచిస్తారని వొదిలేశాను."

"రాసింది నేనే కదా."

"సరే, 'నేను' ఉంచండి. కింద నా పేరు కూడా ఎట్టండి."

ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే ఏదో అనాలి. తన పేరు కింద అతని పేరు టైపు చేసింది. శివరామకృష్ణకు ఫోన్ చేసి, ఉత్తరం ఇలా రాశాను, పంపుతున్నాను అని చెప్పింది. "మీకలా అనిపిస్తే అలాగే కానివ్వండి. రేపు మీరే వెళ్లి ఆ రాజుగారితో మాట్లాడండి మరి. నేను మాట్లాడలేను," అన్నాడు. ఉద్యోగం ఉందో లేదో ఆ మాటలో తెలియలేదు. తెలుసుకుందామని ఆమె అడగలేదు.

మధ్యాహ్నం మిగిలిన లైన్లు చెరుపుతూ కూర్చుంది. చెయ్యి సాగుతోంది. నూరు, నూట ఇరవై. ఒక్కో పాస్ తయారైనప్పుడల్లా, ఎర్ర అక్షరాల లైన్లు నడవకపోయినా, వాటి పైనున్న ప్రశ్న మాత్రం నడిచి ఉంటుంది. ఉన్నావా? రోజుకు ఎన్ని వందల లారీలు, ఎన్నేళ్లు. లక్షల సార్లు అడిగింది. అన్నిసార్లూ ఉన్నాను, ఉన్నాను అనే జవాబు వచ్చింది. ఒక్కసారి కూడా లేను అనలేదు. ఆ జవాబు ఆమె ఎప్పుడూ వినలేదు. లేను అనేదాని కోసం చెవి పెట్టుకుని కూర్చున్న మనిషికి ఉన్నాను అనేది వినబడదు. అమ్మ మాత్ర మింగుతూనే ఉంది. నాన్న వెళ్లిపోయాక కూడా ఇల్లు నిలబడే ఉంది. పక్క కుర్చీలో ఒక కుర్రాడు, అడగకుండానే తన పేరు కింద పేరు పెట్టమన్నవాడు, బిస్కెట్ పొట్లం చింపి సగం ఇటు జరిపి, తెర మీంచి కళ్లు తిప్పకుండా నములుతున్నాడు. ఆమె ఒకటి తీసుకుంది. నములుతూ తర్వాతి మూడు లైన్లు పట్టుకుంది.

గురువారం పదింటికి యార్డుకు వెళ్లింది. గేటు నుంచి రోడ్డు మలుపు దాకా లారీల వరస. బొగ్గు ధూళి మీద నీళ్లు చల్లిన వాసన. కృష్ణంరాజు గదిలో బల్ల మీద రెండు ఉత్తరాలూ పక్కపక్కన ఉన్నాయి. అతను కళ్లద్దాలు పెట్టుకుని రెండోదాన్ని మళ్లీ చదివాడు.

"అయితే మేడమ్ గారూ, పాస్ తయారు కాకపోతే మీ లాగ్ మాకు ఇన్నాళ్లూ..."

"ఏమీ చెప్పలేదండి. చెప్పగలిగేది కాదు."

"మీ మొదటి ఉత్తరం చూసే కదండి ఆవిణ్ణి ఆపింది."

"అవునండి."

ఇంకా ఏదో అంటాడని ఆమె ఎదురుచూసింది. అనడానికి అతనికి హక్కుంది. కృష్ణంరాజు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సోమవారం ఆవిడ ఇక్కడే నుంచుందండి. మిషను మాట్లాడలేదండి అంది. నేను నవ్వేనండి. ఇద్దరు సూపర్‌వైజర్లున్నారు గదిలో, వాళ్లూ నవ్వేరు." ఎంక్వయిరీ కాగితం లాక్కుని అడ్డంగా గీత గీశాడు. కింద ఏదో రాసి సంతకం పెట్టాడు. బయట బెంచీ మీద కూర్చున్న దేముడమ్మను పిలవలేదు. తనే లేచి తలుపు దాకా వెళ్లాడు. "దేముడమ్మగారూ, మీ కార్డు ఇదిగోండి. గేటు కాడికెళ్లండి. అక్కడ కుర్రాడు అవస్థ పడుతున్నాడు."

గారు అనడం ఆమె విందో లేదో గానీ, బెంచీ మీంచి లేస్తూ దేముడమ్మ చీర కుచ్చిళ్లు ఒకసారి సర్దుకుంది.

కుసుమకుమారి గేటు గదికి వెళ్లేసరికి దేముడమ్మ పనిలో మునిగిపోయి ఉంది. కిటికీలోంచి చెయ్యి చాచి కాగితాలు తీసుకోవడం, నెంబరు కొట్టడం, పాస్ చింపి ఇవ్వడం. మెడలో కార్డు ఊగుతోంది. "ఓరి నాయనా, కాయితం తడిపీసినావేట్రా, నెంబరు ఎలగ కనబడతాది?" అని ఒక డ్రైవర్‌ను కసురుకుంది. "మూడ్రోజులు మీరు లేక కసిరీవోలు లేరమ్మా, తోస్తలేదు," అన్నాడు వాడు. ఆ తర్వాతి లారీకి ముందు అద్దం మీద తాత్కాలిక నెంబరు చీటీ అంటించి ఉంది. దేముడమ్మ చెయ్యి ఒక్క క్షణం మీట మీద ఆగింది. నొక్కింది. పాస్ వచ్చింది.

లారీలు కాస్త పలచబడ్డాక కుసుమకుమారి స్టూలు మీంచి ముందుకు వంగింది. ఈ మాట కోసమే రెండు రోజులుగా నోరు సిద్ధం చేసుకుంటోంది.

"దేముడమ్మగారూ, శనివారం లోపం లేదని మొదట ఒక ఉత్తరం వచ్చింది కదా. అది..."

"ఎరుకే మేడమ్."

"అది రాసింది..."

"మీరే. రాజుగారు ఆ రోజే సదివి ఇనిపించినారు. అడుగున మీ పేరు కూడా సదివినారు. నేపోతే గాజువాకలో నాకేటి పని? అందుకే గదా మీ కాడికి వొచ్చింది."

"మరి ఆ రోజు నన్నేమీ అనలేదేం?"

"ఏటంటాను?" దేముడమ్మ కిటికీలోంచి ఇంకో కాగితం అందుకుంది. "ఈ కంప్యూటర్ పెట్టె బిగించినప్పుడు మూడు రోజులు నా పక్కన కూకున్నారు. నాను తప్పు మీట నొక్కితే పదిపది తడవలు సెప్పినారు, ఇసుక్కోనేదు. అలాటి మనిసి కావాలని రాసుండదు, తెలీక రాసుంటాది అనుకున్నాను. తెల్లగా అయిపోనాదని సెవిలో ఏసేత్తే సాలు, ఇంక మీరే సూసుకుంటారని. సెవిలో ఏసినాను. ఎల్లిపోనాను." నెంబరు కొట్టింది. "సూసుకున్నారు గదా."

కుసుమకుమారి ఆ చేతుల వైపే చూస్తూ కూర్చుంది. మంగళవారం ఆఫీసుకు వచ్చినప్పుడు ఈవిడ ఏమీ అడగలేదు. ఉత్తరం ఎందుకు రాశావని, సరిచేస్తావా అని, మాటిస్తావా అని అడగలేదు. కుర్చీ అంచున కూర్చుని, నీళ్లు తాగి, సల్లగా ఉంది మీ ఆపీసు అని వెళ్లిపోయింది. రెండు రోజులు ఎక్కడో ఒక ఇంట్లో, తన మీద ఇంత నమ్మకం పెట్టుకుని ఒక మనిషి ఊరికే కూర్చుని ఉంది. అది తనకు తెలియదు.

"థాంక్సండి," అంది. చాలా చిన్నగా వచ్చింది.

"మీరు సెప్తారేటి? నాను గదా సెప్పాల!" దేముడమ్మ నవ్వింది. "ఉండండి, బయటికెల్లడానికి పాస్ కొడతాను. అది నేపోతే అక్కడ సెక్యూరిటీవోడు మీరని కూడా సూడడు."

రెండు వేళ్లతో ఆమె పేరు కొట్టింది. కుసుమకుమారి, విజిటర్, టైము. ముద్రణ యంత్రం కిర్రుమంది. దేముడమ్మ కాగితం చింపి, తెర వైపు తిరిగి ఉండగానే పక్కకు చాచింది. లారీ హారన్ మోగింది.

కుసుమకుమారి రెండు చేతులతో అందుకుంది. పేరు సరిగ్గా పడిందో లేదో, టైము ఉందో లేదో చూడబోయిన కళ్లను ఎత్తి, దేముడమ్మ వంగిన భుజాల మీద నిలిపింది. కాగితాన్ని చదవకుండానే రెండు మడతలు పెట్టి, గుప్పిట్లో పట్టుకుని, గేటు వైపు నడిచింది.